మ్యాంగో అంటే మామిడి కాని చోట: అమెరికా మాండలికాల నిఘంటువు ‘డేర్’పై సమీక్ష

ఒహాయోలోనో ఇండియానాలోనో అచ్చయిన పాత వంటల పుస్తకం తిరగేస్తే ‘స్టఫ్డ్ మ్యాంగోస్’ అనే వంటకం తగులుతుంది. కాయ తల కోసి, గింజలు తీసేసి, లోపల కైమా, అన్నం కూరి, పైన టమాటా గుజ్జు పోసి ఓవెన్‌లో పెట్టమంటుంది. మామిడికి తల కోయడమేమిటి, గింజలు తీయడమేమిటి అని తెలుగువాడు తల పట్టుకుంటాడు. ఆ ప్రాంతంలో, ముఖ్యంగా పెద్ద వయసువాళ్ళ నోట, మ్యాంగో అంటే మామిడి కాదు, పచ్చ క్యాప్సికం. పూర్వం ఓడల మీద అంత దూరం మామిడికాయ చెడకుండా వెళ్ళే దారి లేదు. అందుకే అట్లాంటిక్ దాటిన మామిడి ఊరగాయగానే దాటింది. దాంతో జనానికి మ్యాంగో అంటే పండు పేరు కాకుండా ఊరబెట్టే పద్ధతి పేరైంది. మసాలా కూరి ఊరబెట్టిన ఏ కాయనైనా మ్యాంగో అన్నారు. అలా కూరడానికి వాటంగా ఉన్న క్యాప్సికానికి, ఊరబెట్టకపోయినా సరే, ఆ పేరే అతుక్కుపోయింది.

ఈ అర్థం మామూలు నిఘంటువుల్లోనూ దొరకవచ్చు. ఎవరంటారు, ఎక్కడంటారు, ఏ వయసువాళ్ళంటారు, ఎప్పటినుంచి అంటున్నారు అనేది మాత్రం అక్కడ దొరకదు. ఆ నాలుగు ప్రశ్నలకూ జవాబు చెప్పడానికే పుట్టింది ‘డిక్షనరీ ఆఫ్ అమెరికన్ రీజనల్ ఇంగ్లిష్’. పొడి అక్షరాల్లో డేర్. అమెరికాలో ఉంటూ ఇంగ్లిష్ బాగానే వచ్చి కూడా పక్కింటి పెద్దాయన మాట సగం అర్థంకాక ఇబ్బంది పడేవాళ్ళకూ, అనువాదకులకూ, ఆసుపత్రుల్లో దుబాసీలుగా పనిచేసేవాళ్ళకూ దీనికి సాటి వచ్చే పరికరం మరొకటి లేదు. అయితే దీన్ని చదవడం తెలియాలి. తెలియకుండా తెరిస్తే తప్పుదారి పట్టిస్తుంది కూడా.

ముందు వస్తువు సంగతి. మొత్తం ఆరు సంపుటాలు, హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం వేసింది. మొదటి సంపుటం 1985లో వచ్చింది, ఏ నుంచి సీ వరకు. రెండోది 1991లో, డీ నుంచి హెచ్ వరకు. మూడోది 1996లో, ఐ నుంచి ఓ వరకు. నాలుగోది 2002లో వచ్చింది. అది పీతో మొదలై ఎస్ మధ్యలో ఆగింది. మిగిలిన ఎస్ నుంచి జెడ్ వరకు ఐదో సంపుటం 2012లో పూర్తయింది. 2013లో వచ్చిన ఆరోదానిలో నిఘంటువు భాగం లేదు. పటాలు, సూచికలు, ప్రశ్నల జాబితా, వాటికి వచ్చిన జవాబులు ఉన్నాయి. అదే ఏడాది చివర్లో ఆన్‌లైన్ రూపం వచ్చింది. పని నడిచింది విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో, మాడిసన్ నగరంలో. దీనికి ప్రాణం పోసిన సంపాదకుడు ఫ్రెడెరిక్ కాసిడీ జమైకాలో పుట్టినవాడు. 2000లో ఆయన పోయేనాటికి పుస్తకం ఇంకా ఎస్ దగ్గరే ఉంది. సమాధి రాతి మీద ‘జెడ్ దాకా పదండి’ అని చెక్కించారు. జెడ్ దాకా తీసుకెళ్ళింది ఆయన తరువాత ముఖ్య సంపాదకత్వం చేపట్టిన జోన్ హ్యూస్టన్ హాల్.

పుస్తకం విలువంతా దాని పునాదిలో ఉంది. 1965 నుంచి 1970 వరకు పరిశోధకులు, ఎక్కువమంది విద్యార్థులే, వ్యాన్లలో దేశమంతా తిరిగారు. ఆ బళ్ళకు ‘వర్డ్ వ్యాగన్లు’ అని పేరు పెట్టుకున్నారు. 50 రాష్ట్రాల్లో 1,002 ఊళ్ళు, 2,777 మంది స్థానికులు, 1,600కు పైగా ప్రశ్నలు. కాలం, వాతావరణంతో మొదలుపెట్టి ఇల్లు, వంటసామాను, పంటలు, పురుగులు, జబ్బులు, చుట్టరికాలు, తిట్లు దాకా అడిగారు. ‘ఈ నాలుగింటిలో మీరు ఏదంటారు’ అని అడగలేదు. ‘కాలిబాటకూ రోడ్డుకూ మధ్య గడ్డి, చెట్లు ఉండే పట్టీని మీ ఊళ్ళో ఏమంటారు’ అని అడిగి ఊరుకున్నారు. జవాబు అవతలివాళ్ళ నోటినుంచి రావాలి. ఎంచుకోవడానికి జాబితా ఇస్తే, జాబితా రాసినవాడికి తెలియని మాట ఎప్పటికీ బయటపడదు. ఆ ఒక్క నిర్ణయం వల్లే ఈ పుస్తకంలో మరెక్కడా అచ్చుకాని మాటలు వందలకొద్దీ ఉన్నాయి.

ఆ గడ్డి పట్టీనే చూడండి. క్లీవ్‌ల్యాండ్‌లో అది ట్రీ లాన్. అక్కడినుంచి గంట ప్రయాణం కూడా లేని ఏక్రన్‌లో డెవిల్ స్ట్రిప్. మాడిసన్‌లో టెరస్. మిన్నెసోటా వైపు బూలెవార్డ్. షికాగోలో పార్క్‌వే. పశ్చిమ తీరంలో పార్కింగ్ స్ట్రిప్. మసాచుసెట్స్ పడమటి భాగంలో ట్రీ బెల్ట్. ఒక జానెడు నేలకు ఇన్ని పేర్లు! వీటిలో డెవిల్ స్ట్రిప్ వ్యాప్తి ఎంత చిన్నదంటే, ఆ మాట అన్నవాడి ఊరు దాదాపు దొరికిపోయినట్టే. దొరికిపోయింది కూడా. ఒక పిల్లను ఎత్తుకుపోయిన కేసులో, డబ్బు ఫలానా మూల డెవిల్ స్ట్రిప్ మీదున్న చెత్తడబ్బాలో వేయమని చీటీ వచ్చింది. తేలిక మాటలకు కావాలని తప్పు అక్షరాలు రాసి, కష్టమైన మాటలకు ఒప్పుగా రాసిన చీటీ అది. భాషాశాస్త్రవేత్త రోజర్ షై దాన్ని చూసి, రాసినవాడు చదువుకున్నవాడే, ఏక్రన్ మనిషి అయి ఉంటాడని చెప్పారు. పోలీసుల అనుమానితుల్లో సరిగ్గా అలాంటివాడు ఒకడున్నాడు. వాడు నేరం ఒప్పుకున్నాడు. మాట వ్యాప్తిని ఊరి స్థాయి దాకా గుర్తించి పెట్టుకోవడం ఎందుకో ఇంతకంటే విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక ఒక పదం కింద ఉన్నదాన్ని ఎలా చదవాలో చూద్దాం. పదం, ఉచ్చారణ, ఇతర రూపాలు, పుట్టుక వరుసగా వస్తాయి. ఆ తరువాత అర్థానికి ముందే ప్రాంతం చీటీ ఉంటుంది. చాలామంది దాన్ని దాటేసి అర్థంలోకి దూకుతారు. ఈ పుస్తకంలో అసలు సరుకు ఆ చీటీలోనే ఉంది. ‘చీఫ్‌లీ’ అని ఉంటే ఆ మాట చాలావరకు ఆ ప్రాంతానిదే, బయట అక్కడక్కడ తప్ప లేదని. ‘ఎస్పెషల్లీ’ అని ఉంటే బయటా ఉంది, అక్కడ ఎక్కువ అని. ‘స్కాటర్డ్’ అంటే చెదురుమదురుగా దేశమంతా అని. ఇవి సంపాదకుల ఊహలు కావు, లెక్కపెట్టి వేసినవి. నార్త్, సౌత్ అన్న మాటలకు కూడా సొంత నిర్వచనాలున్నాయి. ‘సౌత్ మిడ్‌ల్యాండ్’ అంటే ఏ రాష్ట్రాలో మొదటి సంపుటం ముందు పేజీల్లో పటంతో చూపించారు. ఆ పేజీలు ఒకసారి కుదురుగా చదవకపోతే తరువాత ప్రతి చీటీనీ అడ్డదిడ్డంగా అర్థం చేసుకుంటాం.

చీటీ తరువాత అర్థం. దాని కింద సంవత్సరాలవారీగా ఉదాహరణలు ఉంటాయి. పాత ఉత్తరాలు, దినచర్యలు, ఊరి పత్రికలు, ఇంకా పాత రికార్డులు. ఆ వరుసలోనే 1965–70 నాటి ముఖాముఖి జవాబులు. జవాబిచ్చినవాళ్ళు ఎక్కువైతే ఎంతమందో సంఖ్య ఇస్తారు. కొద్దిమందే అయితే ఒక్కొక్కరి గుర్తు ఇస్తారు: రాష్ట్రం పొడి అక్షరాలు, పక్కన ఒక అంకె. ఆ అంకె ఎవరిదో, ఆ మనిషి వయసెంతో, ఎంత చదివారో, ఏ పని చేసేవారో తెలియాలంటే మొదటి సంపుటంలో ఉన్న జాబితా చూడాలి. పాత పుస్తకాల దుకాణంలో చవగ్గా దొరికిందని నాలుగో సంపుటం ఒక్కటే కొనేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. మొదటిది లేకపోతే మిగతావి సగం మూగవే.

వయసు లెక్క చదవడం ఇంకొంచెం జాగ్రత్తగా చేయాల్సిన పని. కొన్ని పదాల కింద రెండు శాతాలు ఇస్తారు. ప్రశ్నకు జవాబిచ్చిన అందరిలో ముసలివాళ్ళ శాతం ఎంత, ఈ ఒక్క మాట చెప్పినవాళ్ళలో ముసలివాళ్ళ శాతం ఎంత. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. అసలు జవాబిచ్చినవాళ్ళలోనే నూటికి అరవైమందికి పైగా అరవై దాటినవాళ్ళు. ఒక మాట చెప్పినవాళ్ళలో కూడా నూటికి అరవై అయిదుగురు ముసలివాళ్ళే అనుకుందాం. అది ముసలిమాట అనడానికి లేదు, గుంపు మొత్తమే అలా ఉంది కాబట్టి. అదే ఎనభై, ఎనభై అయిదు దాకా వెళ్తే మాట తగ్గుముఖం పట్టిందని అర్థం. రెండో అంకె ఒక్కటే చూసి ‘ఇది ముసలివాళ్ళ మాట’ అని తేల్చేయడమే ఈ పుస్తకం వాడకంలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. చదువు, స్త్రీపురుష భేదం, నల్లజాతివారి వాడుక, పల్లె–పట్నం తేడా, వీటన్నిటికీ ఇదే పద్ధతి.

పటాలు మొదట చూసినప్పుడు అచ్చుతప్పేమో అనిపిస్తాయి. న్యూయార్క్ ఉబ్బిపోయి ఉంటుంది, నెవాడా, వయోమింగ్ కుంచించుకుపోయి ఉంటాయి. కారణం సులువు. జనాభా ఎక్కువున్న రాష్ట్రంలో ఎక్కువ ఊళ్ళు తీసుకున్నారు. పటంలో ఒక్కో ఊరికీ సమానమైన చోటివ్వాలని రాష్ట్రాల ఆకారాలనే సాగదీశారు, నొక్కారు. మామూలు పటం మీద చుక్కలు వేసి ఉంటే ఈశాన్యంలో చుక్కలన్నీ ఒకదానిమీద ఒకటి పడి నల్లటి ముద్దయ్యేది, పడమర ఖాళీగా కనబడేది. మంచి ఆలోచన. కాకపోతే కంటికి అలవాటు కావాలి. మామూలు పటం ఒకటి పక్కన పెట్టుకుని, పది పదిహేను పదాలకు రెండిటినీ పోల్చి చూస్తే చాలు, ఆ తరువాత ఇబ్బంది ఉండదు.

ఒక చుక్క ఉందంటే ఆ ఊళ్ళో కనీసం ఒక్కరు ఆ మాట చెప్పారని. చుక్క లేదంటే ఆ మాట అక్కడ లేదని కాదు. 1,002 ఊళ్ళకు 2,777 మంది అంటే ఊరికి సగటున ముగ్గురి లోపే. అంత పెద్ద ప్రశ్నల జాబితాను చాలాచోట్ల ఇద్దరు ముగ్గురు పంచుకుని పూర్తి చేశారు. అంటే కీటకాల ప్రశ్నలకు ఒక ఊళ్ళో ఒకే ఒక్క మనిషి జవాబిచ్చి ఉండవచ్చు. ఆ మనిషికి ఆ పూట ఆ మాట గుర్తురాకపోతే చుక్క పడదు. కాబట్టి ఒంటరి చుక్కల మీద ఇల్లు కట్టకూడదు, గుంపును చూడాలి. తూనీగ మాటలు ఇందుకు చక్కని అభ్యాసం. ఉత్తరాదిలో డార్నింగ్ నీడిల్, మధ్యలో స్నేక్ ఫీడర్, దానికి దిగువన స్నేక్ డాక్టర్, దక్షిణ తీరంలో మస్కిటో హాక్. నాలుగు పటాలూ వరుసగా చూస్తే, ఊళ్ళ మధ్య కంచెల్లాంటి గీతలేవీ లేవనీ, ఒక మాట పలచబడుతూ రెండోది చిక్కబడుతూ ఉంటుందనీ కళ్ళకు కడుతుంది. ఆరో సంపుటంలో ఇలా ఒకే వస్తువు పేర్లను పక్కపక్కన పెట్టిన పటాలు ఉన్నాయి. ఆ సంపుటం విడిగా కూడా దాచుకోదగింది.

ఈ పుస్తకం ఎక్కువగా పనికొచ్చేది తెలియని మాటల దగ్గర కాదు. తెలియని మాట వింటే ఎవరైనా అడుగుతారు. తెలుసనుకున్న మాట మరో అర్థంలో వచ్చినప్పుడే అసలు చిక్కు. దక్షిణాదిలో పెద్దవాళ్ళు ‘ఈవెనింగ్ రండి’ అంటే మధ్యాహ్నం కావచ్చు. పన్నెండు దాటితే వాళ్ళకు ఈవెనింగే. ‘డిన్నర్‌కి రండి’ అంటే మధ్యాహ్న భోజనం కావచ్చు, రాత్రిది సప్పర్. ‘ఐ విల్ క్యారీ యూ టు ద స్టోర్’ అంటే మోసుకెళ్తానని కాదు, బండిలో తీసుకెళ్తానని. ‘మ్యాష్ ద బటన్’ అంటే నొక్కు అని. ‘షీ ఈజ్ ఇల్’ అంటే ఒంట్లో బాగాలేదనే కాదు, చిర్రుబుర్రులాడుతోందని కూడా. టొబాగన్ ఉత్తరాదిలో మంచు మీద జారే బండి. టెనెసీ, కెంటకీ వైపు చలికి తలకు పెట్టుకునే ఊలు టోపీ. రోడ్ ఐలండ్‌లో క్యాబినెట్ తాగుతారు, అది మిల్క్‌షేక్. సిన్సినాటిలో పాతవాళ్ళు ‘ప్లీజ్?’ అంటే దయచేసి ఏదో ఇమ్మని కాదు, మీ మాట వినబడలేదు మళ్ళీ చెప్పండని. అక్కడ స్థిరపడిన జర్మన్లకు దయచేసి అనడానికీ, ఏమన్నారు అని అడగడానికీ ‘బిట్టె’ ఒకటే మాట. దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చుకోవడం వల్ల వచ్చిన వాడుక అది.

వాక్యం కట్టులోనూ ఇలాంటివున్నాయి. పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల ‘ద కార్ నీడ్స్ వాష్డ్’ అంటారు. అది చదువురానివాళ్ళ తప్పు కాదు, పెన్సిల్వేనియా పడమటి భాగంలోనూ ఒహాయోలోనూ అందరూ అనే మాటే. మధ్య రాష్ట్రాల్లో ‘గ్యాస్ ఈజ్ ఎక్స్‌పెన్సివ్ ఎనీమోర్’ అంటే ఈమధ్య పెట్రోలు ధర పెరిగిందని. బడిలో నేర్చుకున్న ఇంగ్లిష్‌లో ఎనీమోర్ పక్కన కాదు, లేదు అనే అర్థం ఉండి తీరాలి కాబట్టి, వాక్యాన్ని సరిగ్గా తలకిందులుగా అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. ఇలాంటి వ్యాకరణ వాడుకలకు ఒక నిఘంటువు ఇంత చోటివ్వడం అరుదు.

వైద్యం దగ్గరకొస్తే ఇది ప్రాణాల వ్యవహారం. అపలాచియన్ కొండప్రాంతాల నుంచో దక్షిణాది పల్లెల నుంచో వచ్చిన పెద్దావిడ డాక్టరు ముందు కూర్చుని ‘ఐ ఫెల్ ఆఫ్’ అంటే కింద పడ్డానని కాదు, ఒళ్ళు తగ్గిపోయానని. ‘ఐ ఫెల్ అవుట్’ అంటే స్పృహ తప్పిందని. ఒకదాని బదులు మరొకటి అర్థం చేసుకుంటే ఎముకలకు ఎక్స్‌రే తీయిస్తూ కూర్చుంటారు, చూడాల్సిందేమో బరువు తగ్గడానికి కారణం, లేదా గుండె. షుగర్ అంటే మధుమేహం, ఇది తెలుగువాళ్ళకు కొత్త కాదు. హై బ్లడ్ అంటే రక్తపోటు. రైజింగ్ అంటే సెగ్గడ్డ. పోన్ అంటే వాపు, గడ్డ. కర్నెల్ అంటే ఉబ్బిన గ్రంథి. బీలింగ్ అంటే చీము పట్టడం, చెవి విషయంలో ఎక్కువగా వింటాం. డ్యూ పాయిజన్ అంటే మంచు తడిలో నడిస్తే కాళ్ళకు వస్తుందని నమ్మే చర్మం జబ్బు. దుబాసీగా పనిచేసేవాళ్ళు ఈ మాటలన్నీ ఒక కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోవాలి. రోగి ఈ మాట అన్నప్పుడు దాన్ని నేరుగా తెలుగులోకి మార్చేయకుండా ‘అంటే మీకు ఎలా ఉంది’ అని ఒక్క ప్రశ్న అదనంగా అడగాలి. పుస్తకం ప్రాంతం చెబుతుంది, ఎదురుగా ఉన్న మనిషి ఏ అర్థంలో అన్నదీ ఆ మనిషే చెప్పాలి.

లోపాలు ఉన్నాయి, చిన్నవి కావు. మొదటిది వయసు. ముఖాముఖీలు జరిగి అర్ధ శతాబ్దం దాటింది. జవాబిచ్చినవాళ్ళలో ఎక్కువమంది అప్పటికే అరవై దాటినవాళ్ళు, అంటే పంతొమ్మిదో శతాబ్దం చివరనో ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలోనో పుట్టినవాళ్ళు. వాళ్ళ మాటల్లో గుర్రపు జీను, పొయ్యి, కొట్టం మాటలు లెక్కలేనన్ని. కంప్యూటరు, షాపింగ్ మాల్, హైవే మాటలు దాదాపు లేవు. హైవే పక్కన సాగే చిన్న రోడ్డును హ్యూస్టన్‌లో ఫీడర్ అంటారు, ఇంకోచోట ఫ్రంటేజ్ రోడ్, మరోచోట సర్వీస్ రోడ్, యాక్సెస్ రోడ్. దక్షిణ కాలిఫోర్నియాలో హైవే అంకె ముందు ‘ద’ పెడతారు. ఇలాంటి కారుకాలపు తేడాలకు ఈ పుస్తకం మీద ఆధారపడకూడదు. పైగా ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగినవాళ్ళనే ఎంచుకున్నారు. ఆ తరువాత వలసలతో ఊపిరాడనంతగా పెరిగిన ఆస్టిన్, ఫీనిక్స్, అట్లాంటా వంటి నగరాల ఇవాళ్టి మాట ఇందులో లేదు. అది అప్పటి ఎంపికలోని తప్పు కాదు. పాత మాట పోకముందే పట్టుకోవాలనుకున్నారు, పట్టుకున్నారు. చదివేవాళ్ళే ఆ సంగతి మరిచిపోతుంటారు.

రెండోది, సంపుటాల మధ్య ఎగుడుదిగుడు. 1985లో ఏ, బీ, సీ రాసినప్పుడు చేతిలో ఉన్నది కార్డులు, గ్రంథాలయాలు. చివరి సంపుటాల నాటికి పాత పత్రికలు కంప్యూటర్లో వెతికే వీలొచ్చింది. అందుకే టీ, డబ్ల్యూ మాటలకు ఉదాహరణలు దట్టంగా, తొలి తేదీలు ఇంకా వెనక్కి ఉంటాయి. బీతో మొదలయ్యే ఒక మాటకు ఫలానా ఏడాది తొలి ఉదాహరణ అని ఉంటే, ఆ మాట అప్పుడే పుట్టిందని రాసేయకండి, ఇంకా పాతది దొరికే అవకాశం ఎక్కువ.

మూడోది హాస్యం. ప్రశ్నల్లో కొన్ని ‘దీనికి సరదాగా ఏమంటారు’ అని అడిగినవే. వాటికి జనం అప్పటికప్పుడు నవ్వించే మాటలు చెప్పారు. అలాంటివాటికి సరదా మాట అన్న గుర్తు పెట్టారు కానీ, అది చిన్న పొడి అక్షరాల్లో ఉంటుంది. సినిమా ఉపశీర్షికలు రాసేవాళ్ళు, కథలు అనువదించేవాళ్ళు ఆ గుర్తు చూడకుండా మాట ఎత్తుకుంటే పాత్ర నోట వేళాకోళం పలుకుతుంది.

అచ్చు పుస్తకమా, ఆన్‌లైనా? వెతకడానికి ఆన్‌లైన్ రూపమే మేలు. ఇందులో సందేహం లేదు. అచ్చు సంపుటాల్లో మాట తెలిస్తేనే అర్థం దొరుకుతుంది. వస్తువు తెలిసి దాని పేర్లు కావాలంటే ఆరో సంపుటం వచ్చేదాకా దారి సరిగ్గా లేదు. ఆన్‌లైన్‌లో అర్థంలోని మాటలతో వెతకవచ్చు, ఒక ప్రాంతం ఎంచుకుని ఆ ప్రాంతపు మాటలన్నీ తీయవచ్చు. ఇంటర్నెట్‌లో విన్న రూపం పుస్తకంలో మరో రూపం కింద ఉండవచ్చు. ‘మీరందరూ’ అనడానికి పిట్స్‌బర్గ్ వాళ్ళు వాడే ‘యిన్జ్’ కావాలంటే దాని మూలరూపమైన ‘యూ అన్స్’ దగ్గర కూడా వెతకాలి. ఒక్క రూపం వెతికి దొరకలేదని వదిలేయకండి. చందా కట్టే ముందు మీ ఊరి గ్రంథాలయం, మీ పిల్లల విశ్వవిద్యాలయం గ్రంథాలయం అడగండి. చాలా విశ్వవిద్యాలయాల్లో అచ్చు సంపుటాలు సంప్రదింపు అరల్లో ఉంటాయి. ఇంట్లో అరలో అచ్చు ప్రతి ఉంచుకోవడంలో ఉన్న సుఖం వేరు. ఒక మాట కోసం తెరిచి పక్క పేజీలో పది మాటలు పట్టుకోవడం తెర మీద కుదరదు. కొంటే మొదటిదీ ఆరోదీ ముందు కొనండి. మిగతావి దొరికినప్పుడు చేర్చుకోవచ్చు.

ఇవాళ్టి వాడుకకు దీనికి తోడుగా రెండు ఉన్నాయి, రెండూ చాలామందికి తెలిసినవే. బర్ట్ వో నడిపిన హార్వర్డ్ మాండలిక సర్వే 2003 నాటిది. 122 ప్రశ్నలు, ముప్పై వేలకు పైగా జవాబిచ్చినవాళ్ళు. దాని మీద ఆధారపడి 2013 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ పెట్టిన క్విజ్‌ను జాష్ కాట్జ్ రూపొందించారు. 25 ప్రశ్నలకు జవాబిస్తే మీ మాట ఏ నగరాలకు దగ్గరో రంగుల పటం మీద చూపిస్తుంది. సోడా, పాప్, కోక్ పటం ప్రపంచమంతా తిరిగింది ఈ దారినే. దాన్ని చూసినప్పుడు రంగు గాఢతను జాగ్రత్తగా చదవాలి. జవాబులను చుట్టుపక్కలవాటితో కలిపి నునుపు చేసి గీశారు. అందుకే ఒకే ఊరికి పరిమితమైన డెవిల్ స్ట్రిప్‌లాంటివి తప్ప చిన్న చిన్న దీవులు అందులో కరిగిపోతాయి. జవాబులు ముందే రాసి ఉన్న జాబితా నుంచి ఎంచుకున్నవి. జాబితాలో లేని మాట ‘ఇతరం’ కిందకు పోతుంది. తెలుగువాళ్ళు ఇంకో సంగతి గమనించాలి. ఇతర దేశంలో ఇంగ్లిష్ నేర్చుకున్నవాళ్ళు ఆ క్విజ్ ఆడితే వచ్చే నగరం పేరుకు అర్థం లేదు, దాని లెక్కలు అక్కడ పెరిగినవాళ్ళ జవాబుల మీద కట్టినవి. అక్కడే బడికి వెళ్ళిన మీ పిల్లల చేత ఆడించండి, వాళ్ళకు సరిగ్గా చెబుతుంది.

రెండిటినీ కలిపి వాడే పద్ధతి ఇది. ముందు డేర్‌లో మాట చూసి ప్రాంతం, వయసు లెక్క రాసుకోవాలి. తరువాత సర్వే పటంలో అదే మాట ఉందేమో చూడాలి. రెండుచోట్లా ఒకే ప్రాంతం కనబడితే మాట నిలబడి ఉంది. విస్కాన్సిన్ తూర్పు భాగం, రోడ్ ఐలండ్, దాని పక్క మసాచుసెట్స్‌లో మంచినీళ్ళ కొళాయికి వాడే ‘బబ్లర్’ అలాంటిది. వందల మైళ్ళ దూరంలో ముఖ్యంగా రెండు చోట్ల ఉండి, ఇంకా ఉంది. డేర్‌లో విస్తారంగా ఉండి సర్వేలో చిక్కిపోతే మాట వయసు మళ్ళింది. బోస్టన్‌లో కూల్‌డ్రింకుకు వాడిన ‘టానిక్’ ఆ దారినే ఉంది. సర్వేలో ఉండి డేర్‌లో లేకపోతే తరువాత పుట్టిందో, నగరంలో పుట్టిందో అయి ఉంటుంది. ఎండ కాస్తుండగా వాన పడితే ఏమంటారన్న ప్రశ్న మీద ఈ పద్ధతి ఒకసారి ప్రయత్నించి చూడండి. మనకు కుక్కకీ నక్కకీ పెళ్ళి ఉన్నట్టే, వాళ్ళ దక్షిణాదిలో దయ్యం పెళ్ళాన్ని కొడుతోందంటారు. ఈశాన్యంలో మాత్రం సాదాగా సన్‌షవర్. చాలామంది అయితే దానికి మా దగ్గర మాటే లేదంటారు, ఆ జవాబు కూడా లెక్కలోకి వస్తుంది.

చివరగా చెవికి సంబంధించినది. ఆ ముఖాముఖీలప్పుడే 1,843 టేపులు రికార్డు చేశారు. వాటిని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. ‘ఆర్థర్ ద ర్యాట్’ అని ఒక చిన్న ఎలుక కథ ఉంది. అమెరికన్ ఇంగ్లిష్ ధ్వనులన్నీ వచ్చేలా కూర్చిన కథ. చాలామంది చేత దాన్నే చదివించారు. ఒకే వాక్యాన్ని అలబామా రైతు గొంతులో ఒకసారి, మెయిన్ రాష్ట్రపు తీరంలోని జాలరి గొంతులో ఒకసారి వినవచ్చు. మీరుండే రాష్ట్రం టేపుతో మొదలుపెట్టండి. కథతోపాటు ఉన్న పిచ్చాపాటీ దాటవేయకండి. కాగితం చూసి చదివేటప్పుడు ఎవరైనా కాస్త సర్దుకుని చదువుతారు, వాళ్ళ అసలు యాస పిచ్చాపాటీలోనే దొరుకుతుంది.